మెషీన్ కొనే ముందు మీ అబ్బాయి షెడ్డులో నిలబడాలి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చిన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది. మా అబ్బాయి సీఎస్‌ఈలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చేశాడు. వ్యాపారం ఇక తనే చూసుకుంటానంటున్నాడు. రాగానే ముఖం చూసి హాజరు వేసే మెషీను, కెమెరాలు, ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పెడదామని పట్టుబడుతున్నాడు. ఏళ్ల తరబడి మమ్మల్ని నమ్ముకున్న ఆడవాళ్లు పని మానేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. వాడికి ఎంబీఏ చేయించమంటారా, ఏఐ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి సొంత ఊరికి తిరిగి రావడం నాకు చాలా సంతోషంగా ఉందండి. అతని ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. అయితే హైదరాబాద్‌లో అతను ఎవరో అడిగింది తయారుచేసి ఇచ్చాడు. ఇక్కడ ఏం కొనాలో తనే తేల్చాలి, దాని ఫలితం వేరొకరి రోజు కూలి మీద పడుతుంది. ఈ తేడా ఒంటబట్టాకే కోర్సు సంగతి.

హాజరు మెషీనే తీసుకోండి. మీ ప్లాంటులోకి వెళ్లే ప్రతి మనిషికీ క్యాప్, మాస్కు, గ్లౌజులు, గమ్ బూట్లు ఉంటాయి. ముఖం చూపించాలంటే మాస్కు తీయాలి. మెషీను లోపల పెడితే శుభ్రత నిబంధన దెబ్బతింటుంది. గేటు దగ్గర పెడితే ఆటోలు దిగిన వాళ్లంతా ఒకేసారి లైను కడతారు, వెనకున్న వాళ్లకు ఆలస్యం పడుతుంది. పోనీ వేలిముద్ర పెడదామంటే, రోజంతా ఐసు నీళ్లలో నానిన వేళ్లను ఆ యంత్రం ఒక పట్టాన గుర్తుపట్టదు. రేషన్ షాపుల దగ్గర ఈ బాధ మనం చూస్తున్నదే.

కిలోల లెక్క ఇంకా చిక్కు. పెద్ద రొయ్య టబ్బు దొరికినావిడ గబగబా కిలోలు చూపిస్తుంది. చిన్న సైజు వచ్చినావిడ అంతే కష్టపడినా లెక్కలో వెనకబడుతుంది. మెత్తబడిన సరుకు వచ్చిన రోజు ఇంకా నెమ్మది. మీ మేస్త్రీకి ఇదంతా తెలుసు కాబట్టి టబ్బులు మార్చి మార్చి ఇస్తుంటాడు. సాఫ్ట్‌వేర్ రాసినవాడికి ఎవరూ చెప్పకపోతే, పాతికేళ్ల అనుభవమున్న మనిషి స్క్రీన్ మీద బద్ధకస్తురాలిగా కనిపిస్తుంది.

ఇది చిన్న విషయమనుకుంటే బ్రిటన్ పోస్టాఫీసులో జరిగింది మీ అబ్బాయిని చదవమనండి. 1999 నుంచి అక్కడి బ్రాంచీల్లో ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది లేని లోటును చూపిస్తే, బ్రాంచీలు నడిపేవాళ్లు డబ్బు మేము తీయలేదు మొర్రో అని మొత్తుకున్నా పైవాళ్లు కంప్యూటర్ మాటే నమ్మారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్లారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గానీ రాలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులుండటం మామూలే. తప్పుందని చెప్పిన మనిషి మాట వినే దారి లేకపోవడమే అక్కడ కొంపలు ముంచింది.

అందుకే మీ అబ్బాయి మొదటి నెల ఆఫీసు గదిలో కూర్చోకుండా షెడ్డులో గడపాలి. రొయ్య దిగిన దగ్గర్నుంచి ప్యాకింగ్ దాకా ప్రతి చోటా కొన్నాళ్లు నిలబడి, ఇక్కడ మీకు కష్టంగా ఉన్నదేమిటని అడగాలి. వాళ్లు కెమెరా కావాలని అనరు. బరువు క్రేట్లు ఎత్తలేక నడుం పోతోందంటారు, జీతం లెక్క అర్థం కావట్లేదంటారు. టెక్నాలజీ డబ్బు ముందు అక్కడికి వెళ్లాలి. నన్నడిగితే అన్నిటికన్నా ముందు కొనాల్సింది గ్యాస్ డిటెక్టర్లు. 2017లో మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు. మీ కోల్డ్ స్టోరేజీలో అమోనియా వాడుతుంటే ఆ సెన్సర్లు ఎన్ని ఉన్నాయో, పనిచేస్తున్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

ఆ తర్వాత కూడా హాజరు మెషీను కావాలనిపిస్తే ఒక్క షిఫ్టులో పెట్టి, పక్కన పాత రిజిస్టరు కూడా నడపండి. రెండూ ఎక్కడ తేడా వస్తున్నాయో రోజూ చూడాలి. మెషీను చెప్పిందన్న ఒక్క కారణంతో ఎవరి కూలీ కోయకూడదు. ఫొటోలు ఎక్కడ దాస్తారు, మనిషి పని మానేశాక ఎప్పుడు చెరిపేస్తారు అన్నది అమ్మేవాళ్ల దగ్గర రాయించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖం ఫొటో కూడా వ్యక్తిగత డేటానే.

ఇక చదువు. ఇప్పుడే ఎంబీఏ వద్దు. ఒక ఏడాది ప్లాంటు నడిపాక వెళితే క్లాసులో అడగడానికి అతని దగ్గర సొంత ప్రశ్నలుంటాయి. మేనేజ్‌మెంట్ మీద మనసుంటే అప్పుడు క్యాట్ రాయొచ్చు, ఐఐఎం మన విశాఖలోనే ఉంది. మనుషులు వాడే తీరును బట్టి వస్తువునూ, సాఫ్ట్‌వేర్‌నూ రూపొందించడం నచ్చితే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ బాంబేలాంటి చోట ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) చేయొచ్చు. ఆ పరీక్ష జనవరిలో ఉంటుంది. ఈలోగా ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (మనుషులు కంప్యూటర్‌ను వాడే తీరు) పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. నాలుగు వారాల ఏఐ కోర్సులకు మాత్రం వేలకు వేలు పోయకండి. కోడింగ్ అతనికి ముందే వచ్చు.

మెషీను అమ్మేవాళ్లు డెమోకి వస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టకండి. పొద్దున షిఫ్టు మొదలయ్యే వేళకు గేటు దగ్గరికి రమ్మనండి. మీ మేస్త్రీనీ, పాతవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లనీ పిలిచి, వాళ్లు అడిగినవాటికి అక్కడే జవాబు చెప్పమనండి. మీ అబ్బాయిని ఆ ప్రశ్నలన్నీ నోట్సు రాసుకోమనండి.