విదేశాల్లో ఏడాదిన్నర: ఫోన్ కొనే ముందు ఇండియా సిమ్ సంగతి చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నారు, వచ్చే నెలాఖరుకి బయలుదేరుతున్నారు. జర్మనీలో ఎనిమిది నెలలు, టర్కీలో ఐదు, తర్వాత అమెరికాలో ఐదు. బడ్జెట్ నలభై వేలు, అవసరమైతే ఇంకో పది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య అక్కడి నుంచే కొత్త ఐఫోన్ పంపిస్తానంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. మీ అన్నయ్య ప్రేమగా ఇస్తానన్నదాన్ని కాదనడం కష్టమే, అయినా వద్దు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రేనే ఉండదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే డిజిటల్‌గా ఎక్కించుకునే సిమ్. మీ ఇండియా నంబరు ఉన్న ప్లాస్టిక్ సిమ్ అందులో పెట్టుకోలేరు. అది ఎందుకంత ముఖ్యమో నాకు జరిగింది చెబితే అర్థమవుతుంది.

నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ప్యాకింగ్ మెషిన్లు చేసే ఒక కంపెనీలో సర్వీస్ ఇంజినీర్‌ని. మెషిన్ ఏ దేశానికి అమ్మితే అక్కడికి వెళ్లి బిగించి, నడిపించి, వాళ్ల మనుషులకి నేర్పించి రావాలి. ఒక్కోసారి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు. ఇండోనేషియాలోని సురబయలో పని చేస్తున్నప్పుడు నా ఫోన్ మెషిన్ పైనుంచి కాంక్రీటు మీద పడింది. డిస్‌ప్లే పోయింది, లోపల బోర్డు కూడా పోయింది. బయలుదేరే ముందే సౌకర్యంగా ఉంటుందని నా చెన్నై నంబరుని ఈసిమ్‌గా మార్చుకున్నాను. కొత్త ఫోన్ కొనుక్కుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఆ నంబరు నుంచే ఎస్సెమ్మెస్ పంపమన్నారు. ఫోన్ పగిలిపోయిందండీ, ఎలా పంపను? అయితే ఆధార్ తీసుకుని షోరూమ్‌కి రమ్మన్నారు. మా నాన్నగారు అణ్ణానగర్ షోరూమ్‌కి వెళ్తే, నంబరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాలని వెనక్కి పంపారు.

ఐదు వారాలు నా బ్యాంకు ఖాతాని నేనే తెరవలేకపోయాను. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వెళ్తాయి కదా. అదే సమయంలో అమ్మ కంటి ఆపరేషన్. ఖాతాలో డబ్బులుండి కూడా పంపలేక, ఆఫీసులో ఒకరిని అడిగి ఇంటికి పంపించాను. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. చెన్నై వచ్చి సిమ్ మళ్లీ తీసుకున్నా వెంటనే పని కాలేదు. మోసాలు ఆపడానికి, సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, పోకుండా ఆపాలని టెలికాం శాఖ నియమం ఉంది. ఒక రోజంతా మళ్లీ ఎదురుచూపే.

అదే ప్లాస్టిక్ సిమ్ అయ్యుంటే? పగిలిన ఫోన్‌లోంచి పిన్నుతో తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే ఐదు నిమిషాల పని.

అందుకే నేను ఇప్పుడు ఎవరికి చెప్పినా కెమెరా, ర్యామ్ కంటే ముందు ఇదే చెబుతాను. ఇండియా నంబరు ప్లాస్టిక్ సిమ్‌లో ఉండాలి, వెళ్లిన దేశం నంబరు ఈసిమ్‌లో ఉండాలి. ఈ రెండూ కలిపి నడిచే ఫోన్ కొనండి. ఇండియాలో అమ్మే ఐఫోన్లలో ఐఫోన్ ఎయిర్ తప్ప మిగతావాటికి ట్రే ఉంది, ఈసిమ్ కూడా ఉంది. శాంసంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్‌లోనూ రెండూ ఉంటాయి. మధ్య ధరలో వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఒకే సిరీస్‌లో ఒక మోడల్‌కి ఈసిమ్ ఉంటుంది, పక్క మోడల్‌కి ఉండదు. షాపులోనే డయల్ ప్యాడ్ తెరిచి స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కండి. ఐఎంఈఐ నంబర్లతో (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్లు) పాటు ఈఐడీ అని ఇంకో పొడుగాటి నంబరు కనిపిస్తే ఈసిమ్ ఉన్నట్టే. అది లేకపోతే అమ్మేవాళ్లు ఏం చెప్పినా నమ్మకండి.

తర్వాత బ్యాండ్లు, అంటే ఫోన్ సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీలు. మన దగ్గర ఫుల్ సిగ్నల్ చూపించే ఫోన్ జర్మనీలో ఊరు దాటగానే మూగబోవచ్చు. యూరప్‌లో పల్లెల్లో, ఇళ్ల లోపల సిగ్నల్ అందేది ఎక్కువగా 800 మెగాహెర్ట్జ్ మీద, దాన్నే బ్యాండ్ 20 అంటారు. అమెరికాలో 12, 13, 66, 71 లాంటివి చూడాలి. ఇవేవీ ఇండియాలో వాడరు కాబట్టి, మన మార్కెట్ కోసమే చేసిన చవక ఫోన్లలో చాలావాటికి వీటిలో కొన్ని ఉండవు. కంపెనీ వెబ్‌సైట్‌లో చూసేటప్పుడు ఫోన్ పేరు ఒక్కటీ చూస్తే చాలదు. సెట్టింగ్స్‌లో కనిపించే మోడల్ నంబరు కూడా పోల్చుకోండి, ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో రకం అమ్ముతారు. జర్మనీలో 2021లో, అమెరికాలో 2022లో 3జీ ఆపేశారు. జర్మనీలో కాల్స్‌కి పాత 2జీ ఇంకా ఉంది, అమెరికాలో మాత్రం కాల్స్ కూడా దాదాపుగా 4జీ మీదే వెళ్లాలి, దానికి వోల్టీ (4జీ మీద కాల్ మాట్లాడే సదుపాయం) అక్కడి నెట్‌వర్క్‌తో కుదరాలి. అమెరికాలో కొన్ని కంపెనీలు తమ జాబితాలో ఉన్న మోడళ్లకే ఇది ఇస్తాయి. ఇంటర్నెట్ బాగానే వస్తూ కాల్ మాత్రం కలవకపోతే చాలాసార్లు కారణం ఇదే. అక్కడ సిమ్ తీసుకునే ముందు మీ ఐఎంఈఐ ఇస్తే వాళ్లే సరిచూసి చెబుతారు.

ఈ లెక్కన మీ బడ్జెట్‌లో నా సలహా, ఇండియాలో బిల్లుతో కొన్న ఒకటి రెండేళ్ల పాత మోడల్ ఐఫోన్, లేదంటే గెలాక్సీ ఎస్ సిరీస్‌లో పాతది. కొత్తగా వచ్చిన మధ్యస్థాయి ఫోన్ కంటే ఇవే నయం. బ్యాండ్లు ఎక్కువ ఉంటాయి, ఏ దేశంలోనైనా బ్యాటరీ, డిస్‌ప్లే మార్చేవాళ్లు దొరుకుతారు. వారంటీ మీద మరీ ఆశ పెట్టుకోకండి, ఆండ్రాయిడ్ కంపెనీల్లో చాలావాటికి అది కొన్న దేశంలోనే చెల్లుతుంది. కాబట్టి కవర్‌కీ గ్లాస్‌కీ ఖర్చుపెట్టండి. బర్మా బజార్‌లో తక్కువకి వస్తుందని బిల్లు లేని ఫోన్ కొనకండి. అది ఏ దేశం మోడలో తెలియదు, పోలీసు ఫిర్యాదు ఇవ్వాల్సి వచ్చినా చేతిలో కాగితం ఉండదు.

ఇప్పుడు మీకు ప్రత్యేకంగా టర్కీ గురించి చెప్పాలి. బయటి నుంచి తెచ్చిన ఫోన్‌లో టర్కీ సిమ్ వేసి వాడితే 120 రోజులే. ఆ తర్వాత రిజిస్టర్ చేయించకపోతే ఆ ఐఎంఈఐని అక్కడి నెట్‌వర్క్‌లలో ఆపేస్తారు. రిజిస్టర్ చేయిద్దామంటే కట్టాల్సిన ఫీజు మీ నలభై వేల ఫోన్ ధరనే దాటిపోతుంది. మీరు ఉండేది ఐదు నెలలు, అంటే దాదాపు 150 రోజులు. చివరి నెల ఇబ్బంది తప్పదు. ఇజ్మీర్‌లో నేను చేసింది చెబుతాను. అక్కడే అమ్మే ఒక చిన్న ఫోన్ కొని, అక్కడి సిమ్ అందులో వేసి, దాని హాట్‌స్పాట్‌తో నా ఫోన్ నడిపాను. మన ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే ఆ ఆంక్ష దానికి వర్తించదు, ఓటీపీలు వస్తూనే ఉంటాయి. ఇండోనేషియాలోనూ ఇలాంటి నియమమే ఉంది, టూరిస్టులకి 90 రోజులు. మీ ప్రయాణంలో అది లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

రెండో ఫోన్ ఒకటి తప్పకుండా తీసుకెళ్లండి. ఇంట్లో పాతది ఉంటే అదే చాలు, లేకపోతే రిచీ స్ట్రీట్‌లో బిల్లు ఇచ్చే షాపులో చూడండి. 4జీ, వోల్టీ ఉంటే సరిపోతుంది. నేను ఇండియా సిమ్‌ని ఆ ఫోన్‌లో వేసి గదిలోనే ఉంచుతాను. బయట జేబు కొట్టేసినా నంబరు నా దగ్గరే ఉంటుంది. దుకాణాల్లో కార్డుకి పిన్ నొక్కితే చాలు, ఓటీపీ అక్కర్లేదు. ఇంటికి డబ్బు పంపడం లాంటివి రాత్రి గదికొచ్చాక చేసుకుంటాను. అయితే యూపీఐ యాప్ మొదలుపెట్టేటప్పుడు సిమ్ ఉన్న ఫోన్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్తుంది కాబట్టి, అది ఏ ఫోన్‌లో ఉండాలో ముందే తేల్చుకుని చెన్నైలోనే పెట్టుకోండి. బ్యాంకు యాప్‌లదీ అదే సంగతి. అక్కడికెళ్లాక చేద్దామనుకుంటే రోమింగ్‌లో ఆ ఎస్సెమ్మెస్ వెళ్లక, మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఖాతా లాక్ అయినవాళ్లని చూశాను.

అందుకే ఫోన్ చివరి వారంలో కాదు, ఇప్పుడే కొనండి. కనీసం మూడు వారాలు ఇక్కడ వాడండి. కొన్ని శాంసంగ్ ఫోన్లకి అమ్మిన దేశం సిమ్‌తో ముందు ఐదు నిమిషాలైనా కాల్ మాట్లాడితేనే వేరే దేశం సిమ్ పనిచేస్తుంది, అదీ ఇక్కడే అయిపోతుంది. రోమింగ్ ఆన్ చేయించుకోండి, రీఛార్జ్ 365 రోజులది వేయించండి, గడువు తేదీ ఇంట్లో ఎవరికైనా రాసి ఇవ్వండి. 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉన్న నంబరు చేజారే ప్రమాదం ఉంది.

ఛార్జర్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. దాని మీద 100–240 వోల్టులు అని ఉంటే మూడు దేశాల్లోనూ పనిచేస్తుంది. మన సన్నని రెండు పిన్నుల ఛార్జర్ జర్మనీ, టర్కీ సాకెట్లలో నేరుగా దిగుతుంది, అమెరికాకే అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ వరకు తీసుకెళ్లొచ్చు, అది 74 వాట్ అవర్లు, విమానాల్లో సాధారణ పరిమితి 100. చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్ఇన్ బ్యాగులో పెడితే మీనంబాక్కం ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు.

రెండు మూడు మోడళ్లు అనుకున్నాక వాటి పూర్తి మోడల్ నంబర్లు, జర్మనీలో మీరు ఉండబోయే ఊరు రాయండి. బ్యాండ్లు చూసి చెబుతాను.