ఈజీఆర్ వాల్వు కొనేముందు ఆ ఇత్తడి వాల్వును వేడినీళ్ళలో వేసి చూడండి

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి తీసుకెళ్ళే భాగానికి) బిగించి ఉండి, రెండు సన్న రబ్బరు గొట్టాలు తగిలించిన ఆ చిన్న ఇత్తడి వాల్వును, అంటే థర్మల్ వాక్యూమ్ వాల్వును తీసేసి, గొట్టాలు నేరుగా కలిపేయొచ్చా అని అడిగారు. వద్దండీ.

దాని కింది కొస కూలెంట్‌లో మునిగి ఉంటుంది. లోపల వేడికి వంగే జంటలోహపు బిళ్ళో, కరిగి ఉబ్బే మైనమో ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా దారి మూసి ఉంచి, ఆ తర్వాతే వాక్యూమ్‌ని (ఇంజన్ గాలి లాగే పీల్పుని) ఈజీఆర్ వాల్వుకి వదులుతుంది. ఆ పీల్పే ఈజీఆర్‌ని తెరుస్తుంది. ఈజీఆర్ తెరుచుకుంటే ఇంజన్ వదిలే పొగలో కొంత తిరిగి సిలిండర్లోకి వెళ్ళి మంట వేడిని తగ్గిస్తుంది. ఆ వేడి సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా పుడతాయి. అదే పొగ చల్లటి ఇంజన్‌లోకి వెళితే మంట సరిగా అంటుకోక కుదుపులొస్తాయి, బండి ఆగిపోతుంది. గొట్టాలు నేరుగా కలిపితే రోజూ పొద్దున మీకు ఇదే బాధ.

నాది 1985 నాటి కార్బ్యురేటర్ పికప్. ఇక్కడ కాలిఫోర్నియాలో 1976 మోడల్ నుంచి పెట్రోలు బండ్లకి స్మాగ్ చెక్ (పొగ కాలుష్య పరీక్ష) ఉంటుంది. నా బండి నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గర ఫెయిలైంది. ఎత్తు ఎక్కుతుంటే నాకింగ్ (ఇంజన్‌లో టకటకమనే చప్పుడు) కూడా వచ్చేది. ఈజీఆర్ వాల్వే పోయిందనుకుని కొత్తది కొన్నాను. పాతది బాగానే ఉందని తర్వాత తేలింది: ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) దాని డయాఫ్రమ్‌ని (కదిలే పల్చటి పొరని) వేళ్ళతో పైకి నొక్కితే ఇంజన్ తడబడింది. అప్పుడు ఇత్తడి వాల్వు గొట్టాలు పీకి వేలు పెట్టి చూశాను. ఇంజన్ వేడిగా ఉంది, యాక్సిలరేటర్ కాస్త పెంచి ఉంచాను. ఇత్తడి వాల్వుకి వచ్చే గొట్టం వేలిని లాగుతోంది, అవతలి వైపు ఏమీ లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ కొంచెం దించి విప్పాను. కొసంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది. శుభ్రంగా కడిగి, ఒక వైపు గొట్టం తొడిగి, గిన్నెలో నీళ్ళు మరిగిస్తూ కొస ముంచి ఊదాను. నీళ్ళు తెర్లుతున్నా గాలి పోలేదు. కొత్తది తెచ్చి అలాగే చూస్తే చల్లటి నీళ్ళలో ఊదితే గాలి పోలేదు, వేడెక్కాక పోయింది. అది బిగించాక నాకింగ్ పోయింది, మళ్ళీ పరీక్షకి వెళితే పాసయింది.

మీ బండిలో మూడు గొట్టాల వాల్వు కూడా ఉంటే అదీ ఇదీ ఒకటే అనుకోకండి. కొన్ని బండ్లలో అది ఇంజన్ మరీ వేడెక్కినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగానికి) మానిఫోల్డ్ వాక్యూమ్ ఇచ్చి ఐడిల్ పెంచుతుంది. పీకేముందు ఏ గొట్టం ఎక్కడిదో ఫోటో తీసి పెట్టుకోండి.