ఎంఎస్సీ చదివి ఊళ్ళంట తిరిగి ఫారాలు నింపడమా?

ప్రశ్న: మాస్టారూ, మాది గాజువాక. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు ఒక పరిశోధన సంస్థలో ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం వచ్చిందంటోంది. చెట్లు పెంచే చిన్న రైతులనీ, అడవి మీద బతికేవాళ్ళనీ, వాళ్ళ సంఘాలనీ సర్వే చేసి, ఏ సాయం ఎలా అందిస్తే పనికొస్తుందో చెప్పే ప్రాజెక్టట. నెలకి 30 వేలు. పాడేరు, అనకాపల్లి వైపు తిరగాలి. పీజీ చేసి ఫారాలు నింపడమేంటని బంధువులు నవ్వుతున్నారు. వైజాగ్‌కి గూగుల్ వస్తోంది కదా అని ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డేటా సైన్స్ కోర్సుకి 20 వేలు అడ్వాన్స్ కట్టాను. మిగతా లక్షన్నర ఈఎంఐ అన్నారు. రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. దానికి ముందు ఒక మాట. మీ ఉత్తరంలో బంధువులున్నారు, గూగుల్ ఉంది, ఈఎంఐ ఉంది. అమ్మాయి ఏమనుకుంటోందో మాత్రం ఎక్కడా లేదు. తన చదువుకి తగిన పని తనే వెతుక్కుని, ఇంటర్వ్యూకి వెళ్ళి, ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల తను. ఆ పిల్లని అడగకుండా అడ్వాన్స్ కట్టేసి, ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. కోపం తెచ్చుకోకండి, వరస తప్పింది మీ దగ్గరే.

ఈ ప్రశ్న ఏటా వేసవి దాటగానే నా దగ్గరికి వస్తుంది. కోర్సు పేరు మారుతుంది, అంతే. ఒకప్పుడు శాప్ అనేవారు, తర్వాత డిజిటల్ మార్కెటింగ్ అన్నారు, ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ. పైకి ‘ఏది మంచిది’ అని అడుగుతారు కానీ లోపల టెన్షన్ వేరే. కాంట్రాక్టు అయిపోతే పిల్ల ఇంట్లో కూర్చుంటుందేమో. ఆడపిల్ల ఏజెన్సీలో ఎలా తిరుగుతుంది. సంబంధాలు వచ్చినప్పుడు ఉద్యోగం ఏంటని అడిగితే ఏం చెప్పాలి. వీటికి జవాబులున్నాయి. అవి ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం దొరకవు.

ముందు గూగుల్ సంగతి. విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో వాళ్ళు ప్రకటించిన మాట నిజమే. అందులో ముఖ్యమైనది డేటా సెంటర్, అంటే సర్వర్లతో నిండిన పెద్ద పెద్ద భవనాలు. అవి నడవాలంటే కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పనులు తెలిసినవాళ్ళు కావాలి. డిప్లొమా, ఎలక్ట్రికల్ పిల్లలకి దాని మీద కన్నేసి ఉంచమని నేనూ చెబుతున్నాను. ద్వారకానగర్‌లో ఆరు నెలలు పైథాన్ కోడింగ్ నేర్చుకున్నవాళ్ళని పిలిచి కుర్చీ వేయడానికి మాత్రం ఆ భవనం కట్టడం లేదు. రెండింటినీ ముడిపెట్టి ఫీజు వసూలు చేసే బ్రోచర్లు నేనూ చూశాను.

ఆ కోర్సుల నుంచి బయటికొచ్చిన పిల్లల రెజ్యూమేలు నా టేబుల్ మీదకి చాలా వస్తాయి. పేరు, ఫోటో మారితే మిగతాదంతా ఒకటే. 1912లో మునిగిన టైటానిక్‌లో ఎవరు బతికి ఉంటారో కంప్యూటర్‌తో చెప్పించామంటారు. ఐరిస్ పువ్వుల రేకుల కొలతలతో ఇంకో ప్రాజెక్టు. ఇళ్ళ ధరల అంచనా మూడోది. ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా, శుభ్రం చేసి, సిద్ధంగా ఉన్న పట్టికలు. ఇంటర్వ్యూ చేసేవాడు రోజూ చూసేవీ ఇవే. తరిగి గిన్నెలో పెట్టిన కూరకి తాలింపు వేయడం ఎవరైనా నేర్చుకుంటారు, సంతలో పుచ్చు వంకాయ ఏదో చూసి పక్కన పెట్టగలిగినవాళ్ళే తక్కువ. పైగా ఆ తాలింపు పని కూడా ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది. కోడ్ రాయమంటే రాసేస్తుంది. ఆ అంకెలు ఎవరి నోటి నుంచి వచ్చాయో, ఎవరిని అసలు అడగలేదో దానికి తెలియదు.

ఇంకో సంగతి. ఆ కోర్సులో మొదటి రెండు నెలలు చెప్పే సగటు, విచలనం, రిగ్రెషన్ మీ అమ్మాయి ఎంఎస్సీలో ఇంతకన్నా లోతుగా చదివేసింది. లెక్క రానివాళ్ళ కోసం పెట్టిన కోర్సులో లెక్క వచ్చిన పిల్లని కూర్చోబెట్టి లక్షా డెబ్భై వేలు కడతారా? పైథాన్, దానిలాంటిదే ఆర్ అనే ఇంకో కోడింగ్ భాష, రెండూ ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ‘ఉద్యోగ గ్యారంటీ’ అన్న చోట చిన్న అక్షరాల్లో ఏం రాశారో ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఇప్పుడు మీరు ఫారాలు నింపడం అంటున్న పని. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

మన దగ్గర అడవి అంటే ఫారెస్టు డిపార్టుమెంటుదే అనుకుంటాం. ఫిన్లాండ్‌లో సుమారు 60 శాతం అడవి మామూలు కుటుంబాల సొంతం. స్వీడన్‌లో దాదాపు సగం. దక్షిణ స్వీడన్‌లో సోద్రా అనే ఒక్క సంఘంలోనే 50 వేలమంది దాకా అడవి యజమానులు సభ్యులు. అమెరికా అటవీ శాఖ అయితే సొంత అడవి ఉన్న కుటుంబాలని పద్ధతిగా సర్వే చేస్తూ వస్తోంది. అడవిని ఎందుకు ఉంచుకున్నారని అడిగితే అక్కడ ఎక్కువమంది చెప్పేది కలప డబ్బు గురించి కాదు. అందం, వన్యప్రాణులు, తర్వాత పిల్లలకి ఇవ్వాలన్న కోరిక. అడగకుండా ఆఫీసులో కూర్చుని కలప అమ్మకానికే పథకాలు రాస్తే అవి ఎవరికి పడతాయి?

మన చుట్టుపక్కల లెక్క వేరు. అనకాపల్లి తీరం వెంట ఎకరం, రెండెకరాల్లో సరుగుడు వేసుకుని మూడు నాలుగేళ్ళకి కొట్టి అమ్ముకునే రైతులున్నారు. జీడి తోటలవాళ్ళున్నారు. పైన పాడేరు, అరకుల్లో నీడకి సిల్వర్ ఓక్ వేసి, దానికి మిరియం పాకించి, కింద కాఫీ పండించే గిరిజన కుటుంబాలున్నాయి. ఆ కాఫీకే 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు అంటే మనకి బొంగు చికెన్ తప్ప ఇంకేమీ గుర్తురాదు కానీ, ఆ కొండల మీద చెట్టుకీ కుటుంబానికీ ఉన్న లెక్కలు చాలా చిక్కుగా ఉంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమిని చూడండి. నాలుగు హెక్టార్లకి మించదు. పిల్లలకి వస్తుంది, అమ్ముకోవడానికి లేదు. భార్యాభర్తలిద్దరి పేరుతో ఉంటుంది. సర్వేకి వెళ్ళినవాళ్ళు అరుగు మీద కూర్చున్న మగాయన్ని మాత్రమే అడిగి వచ్చేస్తే, పట్టాదారుల్లో సగం మందిని అడగనట్టే కదా?

జాబితా దగ్గరే మొదటి తలనొప్పి. సంఘం పుస్తకంలో చనిపోయినవాళ్ళ పేర్లుంటాయి. తండ్రి పేరున పట్టా, సాగు చేసేది కొడుకు, వాడేమో చెన్నైలో పనికి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అని ఉన్న ఊరు ఇప్పుడు అల్లూరి జిల్లాలో ఉంటుంది. మీటింగుకి వచ్చినవాళ్ళనే అడిగితే పని తేలిక, కానీ మీటింగుకి రానివాళ్ళ కష్టమే తెలుసుకోవలసింది. అందరినీ అడగలేనప్పుడు ఎవరిని అడగాలో సరిగ్గా ఎంచుకోవడం, శాంపిల్ అంటే ఇదే. మీ అమ్మాయి రెండేళ్ళు బోర్డు మీద చదువుకున్నది ఇక్కడ కాళ్ళతో చేయాలి.

తర్వాత ప్రశ్న అడగడం. ‘సంఘం మీకు బాగా సాయం చేస్తోందా?’ అని సెక్రటరీ పక్కనుండగా అడిగితే అందరూ అవుననే అంటారు. ‘ఉచితంగా మొక్కలు కావాలా?’ అంటే వద్దనేవాడెవడు? అదే, పోయినసారి సరుగుడు కొట్టినప్పుడు టన్నుకి ఎంత ఇచ్చారు, తూకం ఎక్కడ వేశారు, కొట్టుడు కూలీ ఎవరు భరించారు, డబ్బు ఎన్నాళ్ళకి చేతికొచ్చింది అని విడివిడిగా అడిగితే అసలు కథ బయటికొస్తుంది. ఆ రైతుకి కావలసింది మొక్కలో, నిజాయితీ తూకమో అప్పుడు తెలుస్తుంది. పైన కొండల్లో కొన్ని ఇళ్ళలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. తెలుగులో అడిగిన ప్రశ్న అక్కడ ఎలా వినబడుతుందో ముందే ఒక ఊళ్ళో పరీక్షించుకోవాలి.

సంఘాలని సర్వే చేయడం ఇంకో పని. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం తెచ్చింది. మేనేజరు జీతం, ఆఫీసు ఖర్చులకి మూడేళ్ళలో ఒక్కో సంఘానికి 18 లక్షల దాకా ఇస్తామన్నారు. ఆ మూడేళ్ళు దాటాక అకౌంటెంటుకి జీతం ఎవరిస్తారు? సభ్యుల్లో ఎంతమంది నిజంగా సంఘం ద్వారా అమ్మారు, ఎంతమంది షేరు డబ్బు కట్టి దళారి దగ్గరికే వెళ్ళారు? సెక్రటరీ చెప్పింది ఒకటి, సభ్యుడు చెప్పింది ఇంకొకటి అయినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలగాలి. దాన్ని బట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో పైవాళ్ళు తేల్చుకుంటారు. ఇది ఫారాలు నింపడం అయితే డాక్టరు చేసేది చీటీలు రాయడం.

అలాగని ప్రతి సర్వే ఉద్యోగం బంగారం అని చెప్పను. కొన్ని చోట్ల పీజీ పిల్లలకి ట్యాబ్ చేతికిచ్చి, రోజుకి ఇన్ని ఇళ్ళని టార్గెట్ పెట్టి, ఏడాది తర్వాత నమస్కారం పెట్టేస్తారు. అందుకే అమ్మాయి చేరే ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ప్రశ్నావళి తయారీలో, శాంపిల్ ఎంపికలో తనకి పాత్ర ఉందా? వచ్చిన డేటాని తప్పులు చూసి సరిచేసి, విశ్లేషించేది తనేనా, లేక ఢిల్లీలో ఇంకెవరోనా? నివేదికలో తన పేరు ఉంటుందా? ఇవి ఉన్నాయంటే కళ్ళు మూసుకుని పంపండి. ఏదీ లేదంటే నేనూ మీ పక్షమే.

ఏడాది తర్వాత ఏంటి? కేంద్ర ప్రభుత్వ గణాంక అధికారుల ఉద్యోగాలైన ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కి ఎలా చదవాలో మీ అమ్మాయికి యూనివర్సిటీలో చెప్పే ఉంటారు. 1950 నుంచి దేశమంతా శాంపిల్ సర్వేలు చేస్తున్న వ్యవస్థ కేంద్ర ప్రభుత్వానిది. అందులో పనిచేయాలనుకునే పిల్లకి ఒక ఏడాది క్షేత్రంలో తిరగడం వృథా ఎలా అవుతుంది? భోపాల్ అటవీ మేనేజ్‌మెంట్ సంస్థ, గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఆనంద్‌లోని ఇర్మా, జనాభా లెక్కల మీద చదువు చెప్పే ముంబైలోని ఐఐపీఎస్ లాంటి చోట్ల ఇంటర్వ్యూలో టైటానిక్ గురించి చెప్పేవాళ్ళకన్నా, పాడేరు దగ్గర ఒక ఊళ్ళో తన ప్రశ్న ఎందుకు తప్పుగా అర్థమైందో చెప్పే పిల్ల మాటే ఎక్కువసేపు వింటారు. రెండేళ్ళ తర్వాత డేటా ఉద్యోగాలకే వెళ్ళాలనిపించినా తనదే అయిన డేటా చేతిలో ఉంటుంది. మీరడిగిన పోలిక ఇంతే. ఒకదానికి మీరు లక్షా డెబ్భై వేలు ఇస్తారు, ఇంకోదానికి వాళ్ళు ఏడాదికి మూడు లక్షల అరవై వేలు ఇస్తారు.

భద్రత గురించి మీ భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయను. ఒంటరిగా కాకుండా జంటగా పంపుతారా, బండి వాళ్ళదేనా, పాడేరులో బస ఎక్కడ, వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద రాత్రి ప్రయాణం పెడతారా, సిగ్నల్ లేని ఊరికి వెళ్తే ఎవరికి చెప్పి వెళ్ళాలి, జ్వరం వస్తే ఏం చేస్తారు, ఇన్సూరెన్స్ ఉందా? ఇవి మీరే ఆ సంస్థవాళ్ళని అడగండి. మంచి సంస్థ అయితే విసుక్కోదు. మొదటి వారం వెంట వెళ్ళి బస చూసి రండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే పాడేరు మరీ దూరమేం కాదు. ఆ కొండల్లో ఏఎన్ఎంలు, టీచరమ్మలు ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళూ ఎవరో ఒకరి కూతుళ్ళే.

సంబంధాల విషయంలో నా సలహా చిన్నది. ‘మా అమ్మాయి స్టాటిస్టీషియన్, పరిశోధన సంస్థలో చేస్తోంది’ అని చెప్పండి. అబద్ధమేం కాదు కదా. అది విని నవ్వే ఇల్లు మీకు వద్దు.

ఇక ఆ అడ్వాన్స్. క్లాసులు ఇంకా మొదలు కాకపోతే రశీదు జత చేసి, డబ్బు వెనక్కి ఇమ్మని ఈరోజే ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో కాదు. ఇవ్వబోమని అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఈఎంఐ కాగితాల మీద ఇంకా సంతకం చేయకపోతే చేయకండి. ఇలాంటి అప్పు చాలావరకు ఇన్‌స్టిట్యూట్‌ది కాదు, ఫైనాన్స్ కంపెనీది. కోర్సు మానేసినా వాయిదా ఆగదు.