నడుము ఆపరేషన్: కండ కోయకుండా చేస్తామంటే ఏమిటి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది ఉరవకొండ. నాయనకు 54 ఏళ్లు, ముప్పై ఏళ్లుగా మగ్గం పనే. నాలుగు నెలలుగా నడుము నుంచి ఎడమ పిక్క దాకా ఒకటే లాగుడు. మందులు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి, తగ్గలేదు. నడుము నాలుగో, ఐదో పూసల మధ్య (ఎల్4-ఎల్5) మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని ఎం.ఆర్.ఐ.లో వచ్చింది. అనంతపురంలో ఒక డాక్టరు మామూలు ఆపరేషన్ చాలన్నారు, ఇంకొకరు కండ కోయకుండా ట్యూబుతో చేస్తాం, కాస్త ఖర్చవుతుందన్నారు. ఏది చేయించాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ నాయనగారికి మగ్గం భాషలోనే చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. పడుగు పోగులను తెంపకుండా పైకీ కిందికీ విడదీసి, ఆ సందులోంచి నాడె పంపుతారు కదా, ట్యూబు పద్ధతీ అంతే.

వెన్నుపూసలను వెనక నుంచి పట్టి ఉంచే కండ ఒకటుంది, పేరు మల్టిఫిడస్. పాత పద్ధతిలో నడుము మధ్యలో కోసి, ఈ కండను ఎముక మీంచి ఊడదీసి, పనిముట్లతో పక్కకు లాగి పట్టుకుంటారు. ఆ ఒత్తిడి చాలాసేపు ఉంటే కండకు రక్తం సరిగా అందదు, దానికి వెళ్లే సన్న నరాలు దెబ్బతినొచ్చు, తర్వాత కండ చిక్కిపోయి ఆ చోట కొవ్వు చేరొచ్చు. ట్యూబుతో అయితే మధ్యగీతకు కాస్త పక్కగా ఇంచీ లోపు కోసి, సన్న గొట్టం మీద లావు గొట్టం ఒకదాని తర్వాత ఒకటి దించుతూ కండ పోగులను విడదీస్తారు, చివరి గొట్టం వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లే ఉంటుంది, దాంట్లోంచే మైక్రోస్కోపుతో చూస్తూ జారిన ముక్క తీస్తారు. ఇదేం నిన్నమొన్నటి ఆలోచన కాదు. కండల మధ్య సహజంగా ఉన్న సందులోంచి వెళ్లే దారిని విల్ట్‌సీ అనే అమెరికా సర్జన్ 1968లోనే రాశారు, ట్యూబు 1997లో వచ్చింది.

అయితే ట్యూబు కోసం అప్పు చేయకండి. ఒక్క డిస్కుకైతే ఇప్పుడు మైక్రోస్కోపుతో చేసే మామూలు ఆపరేషన్ కూడా చిన్న కోతతో, ఒక పక్కనే చేస్తున్నారు. మొదటి రోజుల్లో ట్యూబు వాళ్లకు నొప్పి కొంచెం తక్కువ ఉండొచ్చు గానీ ఏడాది, రెండేళ్లు గడిచాక కాలినొప్పి విషయంలో రెండింటికీ పెద్ద తేడా కనబడలేదు. స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలు కలిపే ఆపరేషన్ అయితే మాట వేరు, అక్కడ కండను కాపాడితే రక్తం తక్కువ పోతుంది, ఆస్పత్రిలో ఉండే రోజులూ తగ్గుతాయి. అందుకే ముందు ఆ డాక్టర్లిద్దరినీ అడగండి: ముక్క తీయడమేనా, స్క్రూలు కూడా వేస్తారా? స్క్రూలంటే ఎందుకో వివరంగా చెప్పించుకోండి. తర్వాత, ఈ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు అని మొహమాటం లేకుండా అడగండి. నేనైతే గొట్టం కంటే చెయ్యి తిరిగిన సర్జన్‌నే ఎంచుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవక ఈడుస్తున్నా అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ తర్వాత నడక మామూలుగా మర్నాడే మొదలవుతుంది. మగ్గం దగ్గర ముందుకు వంగి కూర్చోవడం మాత్రం కనీసం ఆరు వారాలు వద్దు, డిస్కు మీద బరువు ఎక్కువగా పడేది ఆ వంగడంలోనే. ఈలోపు ఫిజియోథెరపిస్టు దగ్గర మల్టిఫిడస్‌కు బలమిచ్చే వ్యాయామాలు నేర్పించండి. తిరిగి పనిలో దిగాక అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి.