గ్లాడియోలస్ ఆకులు పసుపెక్కుతుంటే దుంప కోసి చూడండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇరవై సెంట్లలో గ్లాడియోలస్ వేశాను. కిందటేడు పంట నుంచి దాచుకున్న దుంపలే నాటాను. నాలుగైదు ఆకులు వచ్చేసరికి అక్కడక్కడా ఆకులు కొసల నుంచి పసుపెక్కి ఎండిపోతున్నాయి. పూకాడలు వంకరపోతున్నాయి. యూరియా వేశాను, మాంకోజెబ్ రెండుసార్లు కొట్టాను. తగ్గలేదు. పూలు బరంపురం పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. అయినా ఒకసారి రూఢి చేసుకోండి. సగం పసుపెక్కిన మొక్కను దుంపతో సహా తవ్వి తీసి, పైపొరలు ఒలిచి, చాకుతో అడ్డంగా కోయండి. నడిమి భాగం గోధుమరంగుకు మారి, అక్కడి నుంచి అంచుల వైపు గీతలు పాకి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. అలా కాకుండా ఆకుల మొదళ్లు పీచులు పీచులుగా చీలి, వాటి మీద సన్నని నల్లటి గింజల్లాంటివి కనిపిస్తే అది పొడి కుళ్లు అనే వేరే తెగులు.

మాంకోజెబ్ ఆకు మీదే ఉండిపోయే మందు, దుంపలోకి దిగదు. ఆ ఖర్చు వృథా. ఇక యూరియా అంటారా, పసుపు కనిపిస్తే చాలామంది చేసే పని అదే. కానీ నత్రజని ఎక్కువైతే ఈ తెగులు ఇంకా రేగుతుంది. వెంటనే ఆపండి.

జబ్బు మొక్కలను దుంప, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి చేను బయట కాల్చేయండి. పక్క మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి పోయండి. ఈ మందు పోసినా ఇప్పటికే జబ్బు పడిన మొక్క కోలుకోదు, పక్కదానికి పాకడం తగ్గుతుందంతే. జబ్బు ఉన్న సాలు నుంచి మంచి సాలుకు నీరు పారనివ్వకండి. తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా వేయాలనుకుంటే ఈ మందు పోసిన రెండు వారాల తర్వాతే వేయండి. కార్బెండజిమ్ దాన్నీ చంపేస్తుంది.

అసలు చిక్కంతా విత్తన దుంపతోనే. పైకి నిగనిగలాడే దుంపలో కూడా ఈ శిలీంధ్రం దాగి ఉంటుంది. కాబట్టి ఈ మడి నుంచి ఒక్క దుంప కూడా విత్తనానికి దాచొద్దు, మంచివి ఏరుకున్నా సరే. వచ్చే ఏడు తెగులు లేని చేను నుంచి దుంపలు కొనండి. పొర ఒలిచి బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగినా, గోధుమ గుంటలు కనిపించినా పక్కన పెట్టేయండి. మిగిలినవాటిని లీటరుకు 2 గ్రాముల కార్బెండజిమ్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, నీడలో ఆరనిచ్చి నాటండి. వేడి నేలలో తెగులు ఎక్కువ కాబట్టి నవంబరులో నేల చల్లబడ్డాక నాటితే మేలు. ఈ మడిలో మాత్రం మూడు నాలుగేళ్లు గ్లాడియోలస్ వద్దు. వరి, మొక్కజొన్న వేసుకోండి.

బాగున్న కాడలను కోసి బరంపురం పంపుకోవచ్చు. మామూలుగా దుంప ఊరడానికి మొక్కకు నాలుగు ఆకులు వదిలి కోయమంటాం. మీరు ఎలాగూ దుంప దాచడం లేదు కాబట్టి కాడ ఎంత పొడుగు వస్తే అంత కోసుకోండి. కోత అయిన వెంటనే దుంపలన్నీ తవ్వి తీసేయండి.