చురుకు తెలియని మచ్చ

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 34 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నేనూ మా ఆయనా టిఫిన్ బండి నడుపుతున్నాం. కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త కింద, రూపాయి బిళ్ళంత మచ్చ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అరచేతిలో సగం ఉంది. మరీ తెల్లగా ఉండదు, చుట్టుపక్కల చర్మం కంటే పాలిపోయినట్టు కనబడుతుంది. దురదా లేదు, మంటా లేదు. మందుల షాపతను శోభి అని ట్యూబు ఇస్తే రెండు నెలలు రాశాను, తేడా లేదు. మా అత్తయ్య గారు బొల్లి అంటున్నారు. మా అమ్మేమో రక్తం తక్కువై అంటుంది. ఏ బాధా లేని మచ్చ కోసం భీమవరం దాకా వెళ్ళి బండి మూసుకోవడం ఎందుకని మా ఆయన అంటారు. మొన్న అట్లు పోస్తుంటే అక్కడే పెనం అంచు తగిలి బొబ్బ లేచింది కూడా. పనిలో పడి, మా అమ్మాయి చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఈ మచ్చ చూపించుకోవాలా, దానంతటదే పోతుందా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, చూపించుకోవాలి. ఈ వారంలోనే వెళ్ళండి. బొబ్బ మానాక వెళ్దామని ఆగకండి.

మచ్చ గురించి మీరు వివరంగా రాశారు. నేను మాత్రం చివర్లో బొబ్బ గురించి రాసిన మాట దగ్గర ఆగిపోయాను. రోజూ పొద్దున్నే పెనం ముందు నిలబడే చేయి మీది. వేడి తగిలితే ఎంత పనిలో ఉన్నా ఆ చేయి చటుక్కున వెనక్కి రావాలి. బొబ్బ లేచేంత కాలినా చురుక్కుమనలేదంటే, పనిలో పడి తెలియలేదని సరిపెట్టుకోవద్దు. ఆ మచ్చలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. పాలిపోయిన మచ్చ దురద లేకుండా నెలల తరబడి పెరుగుతూ, అందులో స్పర్శ కూడా తగ్గితే, మేము మొదట కుష్ఠు ఉందా లేదా అని చూస్తాం. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ మాట చదవగానే మీకు ఎంత టెన్షన్ వస్తుందో నాకు తెలుసు. ఉత్తరం చదివి మీకు ఆ జబ్బే ఉందని నేను చెప్పలేను. చేత్తో ముట్టుకుని చూసిన డాక్టరే చెప్పాలి. కానీ పల్లెల్లో పెద్దరోగం అని గుసగుసగా చెప్పుకునే ఈ జబ్బు పేరు మీ దగ్గర దాచడం నాకు ఇష్టం లేదు. పేరు దాచినందువల్ల ఎంత నష్టం జరుగుతుందో కళ్ళారా చూశాను.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక టైలర్ వచ్చారు. ముంజేతి మీద ఇలాంటిదే పాలిపోయిన మచ్చ. ఆ రోజు రద్దీగా ఉంది. మచ్చ చూశాను, స్పర్శ పరీక్ష చేయలేదు. ఫంగస్ అనుకుని మందు రాసి పంపేశాను. ఐదు నెలలకు ఆయన మళ్ళీ వచ్చారు, మచ్చ కోసం కాదు. చిటికెన వేలూ దాని పక్క వేలూ వంగిపోయి, గుడ్డ సాపు చేయడం కుదరడం లేదని. మోచేతి లోపలివైపు, గుద్దుకుంటే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనే నరం ఉంటుంది కదా, అది తాడులా ఉబ్బి చేతికి తగిలింది. జబ్బు నయమైంది. వేళ్ళు మాత్రం పూర్తిగా తిన్నగా రాలేదు. ఆ రోజు నేను ఒక్క నిమిషం దూదితో పరీక్ష చేసి ఉంటే ఆయన కత్తెర ఆయన చేతిలో ఉండేది. అప్పటి నుంచి ఏ పాలిపోయిన మచ్చ చూసినా దూది పట్టకుండా వదల్లేదు.

ఆ పరీక్ష మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోండి. దూదిని సన్నగా నులిమి, ఆ కొసతో ముందు ఎడమ చేతి మీద, తర్వాత మచ్చ మీద, బొబ్బ లేని చోట, మెల్లగా తాకించమనండి. తాకినట్టు తెలిసిన ప్రతిసారీ ఆ చోట వేలు పెట్టి చూపించండి. మధ్యమధ్యలో అసలు తాకకుండా ఊరుకోమనండి, అప్పుడే మీరు ఊహించి చెబుతున్నారో లేదో తెలుస్తుంది. సూదులూ అగ్గిపుల్లలూ వద్దు. దూది తగిలినట్టు తెలిసినా ప్రయాణం మానకండి. జబ్బు మొదట్లో స్పర్శ పూర్తిగా పోకపోవచ్చు.

మీ ఇంట్లో వాళ్ళు చెప్పినవి కూడా చూద్దాం. శోభి ఎక్కువగా ఛాతీ, వీపు, మెడ, భుజాల మీద వస్తుంది. గోటితో గీరితే సన్నటి పొట్టు రాలుతుంది, చెమట పట్టే కాలంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. బొల్లి మచ్చ సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది, స్పర్శ మామూలుగానే ఉంటుంది. రక్తం తక్కువైతే మనిషి మొత్తం పాలిపోతారు, చేతి మీద ఒక్కచోట కాదు. మీరు రాసిన లక్షణాలు ఈ మూడింటికీ సరిగ్గా అతకడం లేదు.

ఆ ట్యూబు మాత్రం ఈ రోజే ఆపేయండి. మందుల షాపుల్లో చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది చర్మాన్ని పలుచబరుస్తుంది, మచ్చ రూపు మార్చి డాక్టరునూ తికమకపెడుతుంది. బొబ్బను చిదమకండి, పేస్టు, పసుపు లాంటివి రాయకండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి పలుచని గుడ్డ చుట్టండి.

షాపతనికి ఈ జబ్బు తట్టకపోవడానికి కారణం ఉంది. 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు రోగులు 10 వేల మందికి ఒకరి కంటే తగ్గారు. ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని ప్రకటించారు. చాలామందికి జబ్బే పోయినట్టు వినబడింది. నిజానికి ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే.

భీమవరం దాకా కూడా అక్కర్లేదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదట చూస్తారు. అట్లు అమ్మడం అయ్యాక, గిన్నెలు మీ వారికి అప్పగించి వెళ్ళండి. ఒకవేళ కుష్ఠే అయితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నెలకు సరిపడా అట్టలుగా వస్తాయి. మచ్చలు ఐదు దాకా ఉంటే ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ ఉంటే ఏడాది వాడాలి. నెలకోసారి సిబ్బంది ఎదురుగా వేసుకునే మోతాదు ఉంటుంది, ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి. క్లోఫాజిమిన్ అనే మాత్ర వల్ల చర్మం కొంత నల్లబడొచ్చు, మందు ఆపాక మెల్లగా తగ్గుతుంది. మందు వాడుతుండగా మచ్చ ఎర్రగా ఉబ్బినా, చేయి లాగినా, వేళ్ళు బలహీనపడినా అదే రోజు వెళ్ళాలి. నరం వాపుకు వెంటనే మందు పడితే చేయి నిలబడుతుంది. టైలర్ గారి విషయంలో దాటిపోయింది ఆ సమయమే.

మీరు రాయలేదు కానీ, బండి గురించి భయపడతారని నాకు అనిపిస్తోంది. అట్ల వల్ల, గిన్నెల వల్ల, చేయి తగలడం వల్ల ఇది అంటదు. మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగినవాళ్ళకు తుమ్ము, దగ్గు తుంపరల ద్వారా సోకుతుంది. అలా సోకినా ఎక్కువమందికి జబ్బు రాదు, వచ్చేవాళ్ళకు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. బండి ఆపనక్కర్లేదు. ఆ చేతికి మాత్రం మోచేతి దాకా మందపాటి గుడ్డ తొడుగు వేసుకోండి, ఆ చేతిలో వేడి తెలియనప్పుడు కళ్ళే కాపలా కాయాలి. జబ్బని తేలితే మీ వారినీ, అమ్మాయినీ, అత్తయ్య గారినీ కూడా పరీక్ష చేయించండి. దగ్గరివాళ్ళకు ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు మందు ఇచ్చే పద్ధతి ఉంది. ఈ జబ్బు సాకుతో విడాకులు అడిగే వీలును 2019లో చట్టం నుంచి తీసేశారు. ఇది మీకు అవసరం పడకూడదని కోరుకుంటున్నాను, అయినా తెలిసి ఉండాలి.

వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు ఖాళీదైనా సరే వెంట తీసుకెళ్ళండి. డాక్టరు ఏమిటమ్మా అని అడిగితే ముందు మచ్చ చూపించకండి. పెనం తగిలినా తెలియలేదని చెప్పండి, నాకు రాసినట్టు చివర్లో కాదు, మొట్టమొదటే.