ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్‌కు నూనె డబ్బాతో పెల్లెట్ ట్రాప్

అన్నా, కరీంనగర్‌లో మీ అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాడని, రోజూ రేంజికి తీసుకెళ్లడం కుదరట్లేదని, ఇంట్లోనే తక్కువ ఖర్చుతో పెల్లెట్ ట్రాప్, అంటే పిస్టల్‌లోంచి వచ్చే చిన్న సీసపు గుండును (పెల్లెట్) పట్టి ఆపే పెట్టె, చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. మాది హన్మకొండ. మా పాప ఇంట్లో కాల్చేది నేను చేసిన ట్రాప్ మీదనే.

పెల్లెట్‌ను ఆపడం పెద్ద పని కాదు. 4.5 మి.మీ. పెల్లెట్ బరువు అర గ్రాము, వేగం సెకనుకు దాదాపు 150 మీటర్లు, అంటే శక్తి 6 జౌల్స్ లోపే. అసలు భయం అది వెనక్కి రావడం. నిటారుగా పెట్టిన ఇనుప రేకుకో, గట్టి చెక్కకో తగిలితే కాల్చినవాళ్ల వైపే తిరిగొస్తుంది. కాబట్టి ఖర్చు ఎంత తగ్గించినా ట్రాప్ లోపల బిగించే రేకు వాలు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

15 కిలోల ఖాళీ నూనె డబ్బా తీసుకొని, సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, పైమూత మొత్తం కోసేయండి. అంచులు చేయి కోయకుండా సుత్తితో లోపలికి మడవండి. డబ్బాను పడుకోబెడితే ఆ నోటికి 17 సెం.మీ. పిస్టల్ టార్గెట్ కార్డు చక్కగా సరిపోతుంది. పాత ఇనుప సామాను దుకాణంలో 3 మి.మీ. రేకు ముక్క దొరుకుతుంది. దాన్ని 45 డిగ్రీల వాలులో లోపల వెల్డింగ్ చేయించండి. పై అంచు కాల్చేవాళ్ల వైపు, కింది అంచు వెనక్కి ఉండాలి. అప్పుడే పెల్లెట్ కిందికి పడుతుంది. తిరగేసి బిగిస్తే పైకి లేస్తుంది, వెల్డర్‌కు దగ్గరుండి చూపించండి. డబ్బా అడుగున పాత నూలు గుడ్డలు పరిస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. నోటికి అట్టముక్క, దానిమీద కార్డు. కార్డు మధ్యభాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి, పోటీల్లో ఎత్తు అదే.

కొత్తగా నేర్చుకునే పిల్లల షాట్లు డబ్బా దాటి పోతాయి. వెనక గోడకు మా కొత్తవాడ జంపఖానా పాతదొకటి రెండు మడతలేసి వేలాడదీశాను. గోడకు ఆనించొద్దు, బిగించి కట్టొద్దు. వదులుగా ఊగుతుంటేనే దెబ్బను మింగుతుంది.

డాబా మీద మాత్రం పెట్టకండి, పక్కింటి పిల్లలు తిరుగుతుంటారు. కాల్చే చోటుకూ ట్రాప్‌కూ మధ్యలో తలుపులుంటే గడియ వేయండి, కళ్లద్దాలు తప్పనిసరి.

సీసం సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు అన్నిటికన్నా ఆందోళన అదే. ట్రాప్ దగ్గర చీపురుతో ఊడిస్తే సీసం దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడిగాకే తిండి. ఇంట్లో పసిపిల్లలుంటే ట్రాప్‌ను వాళ్లు పాకే గదిలో పెట్టకండి. పడిన పెల్లెట్లను మూత ఉన్న డబ్బాలో దాచి పాత లోహాలు కొనేవాళ్లకు ఇవ్వండి, ఇంట్లో కరిగించొద్దు.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ., 20 జౌల్స్ దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. కానీ మందుగుండుతో పేలే .22 తూటా శక్తి 100 జౌల్స్ పైనే. దానికి ఈ డబ్బా ఏమాత్రం పనికిరాదు, అది రేంజిలోనే కాల్చాలి.